పాఠం 9: ఫ్యాషన్, జీవనశైలి ఫోటోల విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• ఫోటో మీద అభిప్రాయానికీ విమర్శకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• తోటి విద్యార్థి తీసిన ఫోటోను నాలుగు దశల్లో పరిశీలించగలుగుతారు.
• ఫోటోలోని సాంకేతిక లోపాన్నీ, దాని కారణాన్నీ, సవరణనూ రాయగలుగుతారు.
• ఫోటోలో ఉన్న మనిషిని నొప్పించకుండా ఫోటోను అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

దూరవిద్యలో ఫోటోగ్రఫీ నేర్చుకునేవారికి ఒక ఇబ్బంది ఉంది. రోజూ తరగతికి వెళ్లేవారైతే గోడకు పెట్టిన ఫోటో ముందు పదిమంది నిలబడి మాట్లాడుకుంటారు. మీకు ఆ అవకాశం సంపర్క తరగతుల్లో మాత్రమే దొరుకుతుంది. మిగిలిన కాలమంతా మీ ఫోటోలు చూసేది ఇంట్లోవాళ్లు, స్నేహితులు. వారు "చాలా బాగుంది" అంటారు, లేకపోతే "అక్క నల్లగా వచ్చింది" అంటారు. మొదటి మాట సంతోషం కలిగిస్తుంది, రెండోది బాధ కలిగిస్తుంది. ఈసారి ఏమి మార్చాలో మాత్రం రెండూ చెప్పవు. అందువల్ల దూరవిద్య విద్యార్థి విమర్శ చేయడం తానే నేర్చుకోవాలి. ముందు ఇతరుల ఫోటోల మీద, తరవాత తన ఫోటోల మీద దాన్ని వాడాలి.

9.2 విమర్శ అంటే ఏమిటి?

వాడుకలో విమర్శ అంటే తప్పులు ఎంచడం అని అర్థం స్థిరపడింది. సంస్కృతంలో ఆ మాటకు పరిశీలన, ఆలోచన అని అర్థం. సాహిత్య విమర్శ అన్నప్పుడు మనం ఆ అర్థంలోనే వాడుతున్నాం. ఫోటోల విషయంలోనూ అంతే.

కళావిద్యలో ఎడ్మండ్ బర్క్ ఫెల్డ్‌మన్ అనే అమెరికన్ ఆచార్యుడు సూచించిన నాలుగు దశల పద్ధతి ప్రసిద్ధం. అవి: (1) వర్ణన – ఫోటోలో కనిపిస్తున్నదేమిటి? (2) విశ్లేషణ – వెలుగు, రంగు, అమరిక ఎలా పనిచేస్తున్నాయి? (3) వ్యాఖ్యానం – ఈ ఫోటో ఏమి చెబుతోంది? (4) మూల్యనిర్ణయం – అనుకున్న పని నెరవేరిందా?

ఈ వరసలో తీర్పు చివర వస్తుందని గమనించండి. మనం సాధారణంగా తీర్పుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం.

9.3 ప్రయోజనం తెలియకుండా విమర్శ లేదు

ఫ్యాషన్ ఫోటోలో ప్రధానమైనది దుస్తు. దాని నేత, రంగు, జారు, కట్టు తీరు చూసేవారికి తెలియాలి. జీవనశైలి ఫోటోలో ప్రధానమైనది ఒక వస్తువు లేదా దుస్తు మనిషి రోజువారీ బతుకులో ఎలా కలిసిపోయిందన్నది. ఒకే చీరను ఈ రెండు విధాలా తీయవచ్చు. మొదటి దానిలో చీర అంచు కనిపించకపోతే లోపం. రెండో దానిలో అంచు కనిపించకపోయినా, మనిషి పనిలో సహజంగా ఉంటే చాలు. కాబట్టి విమర్శకు ముందు ఫోటో తీసినవారిని ఒక ప్రశ్న అడగాలి: "ఈ ఫోటో ఎవరి కోసం, దేని కోసం తీశారు?"

9.4 మొదటి ఉదాహరణ: మేడ మీద పొందూరు చీర

విశాఖపట్నం సీతమ్మధారలో ఉండే ఒక విద్యార్థి తన అక్కను ఫోటో తీశాడనుకుందాం. ఆమె తెల్లటి పొందూరు ఖద్దరు చీర కట్టుకుంది. చేనేత దుకాణం వారి కేటలాగుకు సరిపోయే ఫోటో తీయడం అభ్యాసం. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఇంటి మేడ మీద సెల్‌ఫోన్‌తో తీశాడు.

వర్ణన: ఫోటోలో మూడు వంతులు తెల్లచీరే ఉంది. కళ్ల కింద, గడ్డం కింద నల్లని నీడలున్నాయి. వెనక నీళ్ల ట్యాంకు, బట్టలు ఆరేసే తీగ కనిపిస్తున్నాయి. చీర మీద నేత గీతలు కనిపించడం లేదు.

విశ్లేషణ: ఇక్కడ మూడు కారణాలు కలిశాయి.

మొదటిది ఎండ. విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలోనూ, మళ్లీ జూలై చివర–ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కనుబొమల నీడ కళ్ల మీద పడుతుంది.

రెండోది కెమెరా లెక్క. కెమెరాలోని వెలుగు కొలిచే పరికరం, ఎదురుగా ఉన్నది మధ్యస్థమైన బూడిదరంగు అన్నట్టుగా లెక్కవేస్తుంది. ఇది తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిరిగి పంపే బూడిదరంగు. తెల్లచీర ఫోటో అంతా ఆక్రమించినప్పుడు వెలుగు ఎక్కువైందని కెమెరా తగ్గిస్తుంది. దానితో చీర మసకబారుతుంది, ముఖం మరింత చీకటవుతుంది. ఫోటోలో అక్క ముఖం నల్లబడడానికి కారణం ఆమె రంగు కాదు, చీర తెలుపును ఆధారం చేసుకున్న ఈ లెక్క.

మూడోది సవరణ. ముఖం కనపడాలని విద్యార్థి తరవాత ఫోటో మొత్తం వెలుగు పెంచాడు. ముఖంతోపాటు ఎండలో ఉన్న చీర కూడా పెరిగి, నేత వివరాలు తెలుపులో కలిసిపోయాయి.

వ్యాఖ్యానం: శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో సన్నని నూలు వడుకుతారు. అంత పనితనం ఉన్న బట్ట ఈ ఫోటోలో మిల్లు గుడ్డలా కనిపిస్తోంది. చూసేవారికి తెల్లచీర అని తెలుస్తుంది కాని, పొందూరు చీర అని తెలియదు.

మూల్యనిర్ణయం: కేటలాగు ప్రయోజనం నెరవేరలేదు. అయితే అక్క నిలుచున్న తీరు, పైట మడతలు సహజంగా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచి వెలుగును మార్చాలి.

సవరణ: ఉదయం ఏడు గంటల ప్రాంతంలో తీయాలి. విశాఖలో సముద్రం తూర్పున ఉంది. పొద్దుటి ఎండ అటునుంచి వస్తుంది. మేడ మీద మెట్ల గదికి పడమటి వైపున అప్పుడు నీడ ఉంటుంది. అక్కడ పడమటి ఆకాశం వైపు ముఖం పెట్టి నిలబడితే మెత్తని వెలుగు సమంగా పడుతుంది. చాలకపోతే ఒక తెల్ల థర్మోకోల్ షీటును ఛాతీకి కొంచెం కిందుగా పట్టుకొని వెలుగును ముఖం మీదికి మళ్లించవచ్చు. ఫోన్ తెర మీద ముఖం ఉన్నచోట వేలు ఆనించి, వెలుగును అక్కడికి స్థిరపరచాలి. చీర తెలుపు మరీ పెరిగితే కొంచెం తగ్గించుకోవాలి.

నేత కోసం వేరే ఫోటో తీయాలి. వాలుగా పడే పొద్దుటి ఎండ బట్ట మీదుగా పక్కనుంచి జారినప్పుడే పోగుల ఎత్తుపల్లాలు తేలతాయి. ముఖానికి మెత్తని వెలుగు, నేతకు పక్కవెలుగు కావాలి. ఒకే ఫోటోతో రెండూ సాధించాలనుకోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

9.5 రెండో ఉదాహరణ: రైతు బజారులో జీవనశైలి ఫోటో

అదే విద్యార్థి సీతమ్మధార రైతు బజారులో చేతిసంచి ప్రచారం కోసం ఒక ఫోటో తీశాడనుకుందాం. కొత్త సంచి తగిలించుకున్న స్నేహితురాలు కెమెరా వైపు నవ్వుతోంది. వెనక కూరగాయలు అమ్మే ఒక పెద్దావిడ తల తిప్పుకొని, చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

వెలుగు, రంగులు బాగున్నాయి. వంకాయలు, టమాటాల మధ్య సంచి రంగు చక్కగా కనిపిస్తోంది. సాంకేతికంగా మంచి మార్కులు వేయవచ్చు. కాని రెండు ప్రశ్నలు మిగిలాయి. సంచి ఖాళీగా ఉంది. బజారుకు వచ్చిన మనిషి సంచి ఖాళీగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటే అది జీవనశైలి ఫోటో ఎలా అవుతుంది? రెండోది ఇంకా ముఖ్యం. వెనకనున్న పెద్దావిడ ఫోటో వద్దంటోంది. అక్కడ ఆమె బతుకుతెరువును అలంకారంగా వాడుకున్నాం. ఆమెను అడగలేదు.

ఫోటోలోకి వచ్చే మనిషి ఇబ్బంది పడకుండా చూడడం ఫోటోగ్రాఫర్ పనిలో భాగమే. ఇది కొత్త ఆలోచన కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలకు అక్కడ స్త్రీయే ఫోటోలు తీసేది. ఎదుటివారి సౌకర్యం చూసుకున్నాకే కెమెరా వచ్చింది.

సవరణ: ముందు "అమ్మా, మీ కొట్టు దగ్గర ఫోటో తీసుకోవచ్చా?" అని అడగాలి. దేనికో కూడా చెప్పాలి. ఒప్పుకుంటే ఆమె దగ్గరే కూరలు కొని, సంచి నింపుతున్న క్షణాన్ని తీయాలి. ఒప్పుకోకపోతే మరోచోటు చూసుకోవాలి.

9.6 చర్మఛాయ గురించి ప్రత్యేక జాగ్రత్త

మన ఇళ్లలో ఫోటో చూడగానే వినిపించే మాట "తెల్లగా వచ్చింది" లేదా "నల్లగా వచ్చింది". విమర్శ రాసేటప్పుడు ఈ మాటలు వాడకండి. వెలుగు లోపాన్ని అవి మనిషి లోపంగా మార్చేస్తాయి.

చరిత్రలో సాంకేతికత కూడా ఈ పక్షపాతాన్ని మోసింది. గత శతాబ్దంలో చాలాకాలం కలర్ ప్రింట్ల రంగులను సరిచూడడానికి లేబరేటరీల్లో వాడిన కొడాక్ "షర్లీ" కార్డుల మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. ఆ చర్మం సరిగా వస్తే చాలనుకున్నారు. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో చర్మఛాయను బట్టి మనుషులను తక్కువగా చూపరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి "ఫెయిర్" తీసేసింది. ఫోన్లలోని బ్యూటీ మోడ్ మాత్రం చర్మాన్ని నునుపు చేస్తూ, పాలిపోయేట్టు చేస్తూనే ఉంది.

కాబట్టి ఇలా పరీక్షించండి: ఫోటోలోని మనిషిని ఎదురుగా చూస్తే ఇదే రంగు కనిపిస్తుందా? చెంప మీద వెలుగు, నీడల తేడా నిలిచి ఉందా? చామనఛాయ ముఖంలో మెరుపు వచ్చిందా, లేక బూడిదరంగులోకి దిగిపోయిందా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు ఫోటోగ్రాఫర్ సరిచేయగలిగినవి. ఒకరి చర్మపు రంగులో సరిచేయవలసింది ఏమీ లేదు.

9.7 విమర్శ రాయడం, తీసుకోవడం

మొదటి ఉదాహరణ మీద ఇద్దరు రాసిన వాక్యాలు చూడండి.

(అ) "మోడల్ బాగోలేదు. చీర ఏమీ కనపడట్లేదు. ఇంకా చాలా నేర్చుకోవాలి."

(ఆ) "పైట మడతలు సహజంగా ఉన్నాయి. ఎండ నడినెత్తిన ఉండడం వల్ల కళ్లు నీడలో పడ్డాయి. చీర తెలుపులో నేత పోయింది. పొద్దున్నే మెట్ల గది నీడలో ఒకటి, నేత దగ్గరగా పక్కవెలుగులో ఒకటి తీసి చూడండి. వెనక తీగ కావాలనే ఉంచారా?"

రెండూ అసంతృప్తినే చెబుతున్నాయి. కాని (ఆ) చదివిన విద్యార్థి మర్నాడు ఉదయం ఏమి చేయాలో తెలుసుకుంటాడు. అందులో ఒక గుణం, ఒక లోపం, దాని కారణం, సవరణ, చివర నిజంగా జవాబు కోరే ప్రశ్న ఉన్నాయి. (అ) చదివినవాడు అక్కను మళ్లీ ఫోటో అడగడానికే సంకోచిస్తాడు.

మీ ఫోటో మీద విమర్శ వచ్చినప్పుడు వెంటనే సంజాయిషీ ఇవ్వకండి. పూర్తిగా రాసుకొని, ఒకరోజు ఆగి, అదే చోట మళ్లీ తీసి, రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూడండి. విమర్శ సరైనదో కాదో అప్పుడు మీకే తెలుస్తుంది.

9.8 సారాంశం

విమర్శ ఫోటో ప్రయోజనంతో మొదలవుతుంది. ముందు వర్ణన, తరవాత విశ్లేషణ, వ్యాఖ్యానం, చివరగా మూల్యనిర్ణయం ఉండాలి. ప్రతి లోపానికీ కారణం, సవరణ రాయాలి. విమర్శ వెలుగునూ, అమరికనూ, ఫోటోగ్రాఫర్ నిర్ణయాలనూ పరీక్షించాలి. ఫోటోలోని మనిషి రూపాన్నీ, తీసినవారి తెలివినీ కాదు. ఫోటోలో కనిపించేవారి అంగీకారం కూడా నాణ్యతలో భాగమే.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తెల్లచీర కట్టుకున్నవారి ముఖం ఫోటోలో చీకటిగా రావడానికి కారణం వివరించండి.
2. ఫ్యాషన్ ఫోటోకూ జీవనశైలి ఫోటోకూ విమర్శలో ఏ తేడా పాటించాలి?
3. మీ ఇంట్లో ఉన్న ఒక చేనేత బట్టను ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోటో తీయండి. రెండింటి మీదా నాలుగు దశల్లో పది వాక్యాలకు మించకుండా విమర్శ రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.