మునసబు తమ్ముడి యుద్ధం

పినపాక అడవి అంచున పోడు చేసుకుని బతికే కుటుంబాలకు భూమి గొడవ కొత్తేమీ కాదు. గోదావరి వెంట కిందికి వెళ్లి తూర్పు కొండలెక్కితే గూడెం మన్యం వస్తుంది. వందేళ్ల కిందట అక్కడ ఇలాంటి గొడవే ఇద్దరు అన్నదమ్ముల చేత తుపాకులు పట్టించింది. అన్న గాం గంటందొర, తమ్ముడు మల్లుదొర. అల్లూరి సీతారామరాజు కథ తెలియని తెలుగువాళ్లుండరు. ఆయన పక్కన నిలబడి పోరాడిన వీళ్లిద్దరూ ఎందరికి గుర్తున్నారు?

గంటందొర బట్టిపనుకుల మునసబు. సర్కారుకు శిస్తు వసూలు చేసిపెట్టే మనిషి. అలాంటివాడి భూమినే సర్కారు పరాయివాళ్ల చేతిలో పెట్టింది. పైఅధికారులకు మొరపెట్టుకుంటే న్యాయం జరగకపోగా మునసబు పదవీ పోయింది. అప్పటికే గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు చెబితే మన్యం మండిపడుతోంది. అడవి చట్టం పోడును ఆపింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనిలో ఆరణాల కూలి అని చెప్పి, రెండణాలు చేతిలో పెట్టేవారు. అన్నదమ్ములు రాజు వెంట నడిచారంటే ఆశ్చర్యం ఏముంది!

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషన్‌పై పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు చేతికొచ్చాయి. ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి మరీ వెళ్లారు!

విల్లంబులకు అలవాటుపడ్డ చేతులకు తుపాకీ కొత్త కావచ్చు. కొండ మాత్రం కొత్త కాదు కదా. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అదే జరిగింది. పొదల్లో మాటువేసిన దళం, ముందు నడిచిన మనదేశపు సిపాయిలను పోనిచ్చింది. వెనక వస్తున్న దొరల మీద గురిపెట్టింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు అక్కడే కూలిపోయారు. ఆ తర్వాత మలబార్ పోలీసులు దిగారు, అస్సాం రైఫిల్స్ వచ్చింది. తిండి పెట్టిన పల్లెలకూ వేధింపులు తప్పలేదు. నిజానికి ఈ యుద్ధంలో ఎక్కువ బరువు మోసింది ఆ పల్లెలే.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. కోర్టు ఉరి వేసింది. తర్వాత దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చి అండమాన్ పంపారు. ఒకరకంగా అరెస్టే అతడి ప్రాణం నిలిపింది. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. సరిగ్గా నెల తిరిగేసరికి, జూన్ 7న గంటందొర కూడా నేలకొరిగాడు. పోయిన భూమి కోసం మొదలుపెట్టినవాడు మళ్లీ దాన్ని దున్నుకోలేదు.

తమ్ముడు తిరిగొచ్చాడు. స్వతంత్ర భారతంలో తొలి ఎన్నికలు... 1952. విశాఖపట్నం అప్పట్లో ఇద్దరు సభ్యుల లోక్‌సభ స్థానం. ఒక సీటు లంకా సుందరంకు, రెండోది మల్లుదొరకు దక్కాయి. ఇద్దరూ స్వతంత్రులే. బ్రిటిష్ కోర్టు ఉరి వేయమన్న మన్యం రైతు ఢిల్లీలో ప్రమాణం చేసి, చట్టాలు చేసేవారి మధ్య కూర్చున్నాడు. 1969లో కన్నుమూశాడు.

అన్నదమ్ములు తిరిగిన ఆ కొండలు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.