ఫైనల్ చూస్తున్నారా.. గుండె సంగతి కూడా చూడండి!

మే నెలాఖరు. రోహిణి కార్తె. ఆత్మకూరులో పగలంతా మాడిన డాబా రాత్రి పదకొండైనా చల్లారదు. సెలవులకు ఇంటికొచ్చిన ఇంజినీరింగ్ అబ్బాయి హాల్లో లైటు ఆర్పి, టీవీ సౌండ్ తగ్గించి కూర్చుంటాడు. కాసేపటికి ‘ఏందిరా అది?’ అంటూ వాళ్ల నాన్న పక్కన చేరతారు. నిద్ర పట్టని తాతయ్య కూడా కుర్చీ లాక్కుంటారు. మీ ఇంట్లోనూ ఇదే తంతు అయితే ఈ కథనం మీకే.

2025 మే 31న చాంపియన్స్ లీగ్ ఫైనల్ జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగింది. మనకు మొదలయ్యేసరికి అర్ధరాత్రి 12.30. పారిస్ సెయింట్ జర్మన్ 5-0తో ఇంటర్ మిలాన్‌ను చిత్తు చేసి తొలిసారి కప్పు అందుకుంది. మూడో గోల్ పడ్డాక ఇక టెన్షనే లేదు. గుండె జబ్బున్నవాళ్లకు ఇలాంటి మ్యాచ్‌లే నయం!

మ్యూనిక్ పేరు చెప్పగానే గుండె డాక్టర్లకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. 2006లో జర్మనీలో ప్రపంచ కప్ జరిగినప్పుడు, ఆ నగరం చుట్టుపక్కల అత్యవసర వైద్యులు నమోదు చేసిన గుండె కేసులను పరిశోధకులు లెక్కగట్టారు. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. జర్మనీ ఆడిన రోజుల్లో గుండె సమస్యతో అత్యవసర చికిత్స అవసరమైనవారు మామూలు రోజులకన్నా 2.66 రెట్లు ఎక్కువ. మగవారిలో 3.26 రెట్లు, ఆడవారిలో 1.82 రెట్లు. ఎక్కువ కేసులు మ్యాచ్ మొదలైన తొలి రెండు గంటల్లోనే వచ్చాయి. అప్పటికే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

వీళ్లెవరూ మైదానంలో పరుగెత్తినవాళ్లు కారు, చూసినవాళ్లు. ఉద్వేగం పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. గుండె వేగం, బీపీ రెండూ పెరుగుతాయి. రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పూడిక ఆ ఒత్తిడికి చిట్లిందంటే, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. దీనికి నిద్రలేమి, వరుసగా సిగరెట్లు తోడైతే ఇక చెప్పేదేముంది? మనకు ఫుట్‌బాల్ మీద జర్మన్లంత పిచ్చి లేదనుకోవచ్చు. ఐపీఎల్ ఫైనల్‌లో ఆఖరి ఓవర్‌కు మీ నాన్నగారి చెయ్యి పట్టుకుని నాడి చూడండి, తెలుస్తుంది.

ఆత్మకూరు వాళ్లకు గుండెపోటు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి ఎమ్మెల్యే, అప్పటి రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హఠాత్తుగా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50 మాత్రమే. ‘మాకింకా ఆ వయసు రాలేదులే’ అనే ధీమా పనికిరాదు.

మన ప్రాంతంలో అసలు చిక్కు దూరం. పెద్ద గుండె ఆసుపత్రి కావాలంటే నెల్లూరు వెళ్లాల్సిందే. ఆత్మకూరు నుంచే గంట ప్రయాణం, ఉదయగిరి నుంచైతే ఇంకా ఎక్కువ. అందుకే ఛాతీలో బరువు, చల్లటి చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. ‘మ్యాచ్ అయిపోనీ’ అనకుండా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీకు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఇస్తున్నారో లేదో ముందే కనుక్కుని పెట్టుకోండి. అర్ధరాత్రి ఆ వాకబు కుదరదు.

మనిషి కుప్పకూలి, పిలిచినా పలక్కుండా, ఊపిరి కూడా తీసుకోకపోతే 108 వచ్చేదాకా సీపీఆర్ ఒక్కటే ఆధారం. రొమ్ము ఎముక మధ్య రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో, యూరో కప్ మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఇలాగే పడిపోయాడు. అతని వయసు 29. మైదానంలోనే సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చి బతికించారు. మరుసటి ఏడాదే మళ్లీ ఆడాడు.

ఇక తిండి. అర్ధరాత్రి మిరపకాయ బజ్జీలు, చిప్స్, కూల్‌డ్రింక్ షుగర్ ఉన్నవాళ్లకు అసలు కుదరవు. మజ్జిగ, నానబెట్టిన శనగలు, నాలుగు పుచ్చకాయ ముక్కలు చాలు. బీపీ మాత్ర రోజూ వేసుకునే వేళకే వేసుకోవాలి.

తెల్లారి బండి తీసే వాళ్లకు ఒక మాట. 17 గంటలు వరసగా మేలుకున్నవారి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. మన చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. నిద్ర లేకుండా నెల్లూరు రోడ్డెక్కితే ఏ పోలీసు మీటరూ పట్టుకోదు గానీ, లారీ పట్టుకుంటుంది. బస్సులో వెళ్లండి.

ఒక చల్లటి కబురు కూడా ఉంది. 2026 నుంచి ఫైనల్‌ను యూరప్ కాలమానం ప్రకారం సాయంత్రం 6 గంటలకు జరిపారు. మన నిద్ర కోసం కాదు, అక్కడి ప్రేక్షకులు త్వరగా ఇళ్లకు చేరడానికి! ఏదైతేనేం, మనకు రాత్రి 9.30కే మొదలవుతుంది. అదనపు సమయం, పెనాల్టీలు లేకపోతే పదకొండున్నరకల్లా పడుకోవచ్చు. సెమీస్ మాత్రం వారం మధ్యలో, అర్ధరాత్రి 12.30కే. వాటికి పొద్దున్నే కాఫీతో హైలైట్స్ చాలు.