మీకు తెలుసా? చోటున్నా సినిమా ఎక్కదు!
64 జీబీ పెన్‌డ్రైవ్ పూర్తిగా ఖాళీగా ఉన్నా, అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఒక్క వీడియో ఫైలు కూడా అందులోకి ఎక్కదు. 1996లో, విండోస్ 95 కాలంలో వచ్చిన ఈ పద్ధతి ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే కేటాయించింది. వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,294,967,295. అంతకు ఒక్క బైటు మించినా కుదరదు. టీవీకి తగిలించే పాత మీడియా ప్లేయర్లు చాలావరకు నమ్ముకున్నది ఈ పద్ధతినే. చాలా కెమెరాలు సరిగ్గా తాళి కట్టే వేళ అయినా సరే, పెళ్లి వీడియోను 4 జీబీ దగ్గర తెంపి కొత్త ఫైలు మొదలుపెట్టేదీ ఇందుకే!

2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ చిక్కు లేదు. మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందే చూసుకోండి. ఫార్మాట్ మారిస్తే డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఆ పెళ్లి వీడియోతో సహా. ముందు వేరేచోట కాపీ చేసుకోండి.