కేప్‌టౌన్ బంగ్లా వెనుక ఎవరి చెమట?

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దగ్గర గ్రూట్ కాన్‌స్టాన్షియా అనే పాత ఎస్టేట్ ఉంది. 1685లో డచ్ కంపెనీ ఆ భూమిని తన అధికారి సైమన్ వాన్ డెర్ స్టెల్‌కు రాసిచ్చింది. తెల్లగోడల బంగ్లా 1925లో కాలిపోతే మళ్లీ కట్టారు. పక్కనే 1791 నాటి ద్రాక్షసారా గోదాము.

ఈ తోటల్లో చాకిరీ చేసింది మాత్రం బానిసలు. ఇండోనేషియా, మడగాస్కర్‌ల నుంచే కాదు, మన కోరమాండల్ తీరం నుంచి కూడా కేప్‌కు మనుషుల్ని ఓడల్లో పట్టుకెళ్లారు. ఇదే కంపెనీకి మచిలీపట్నంలో 1605 నుంచీ కోఠీ ఉండేది మరి! సొంత పేర్లు తీసేసి, ‘వాన్ బెంగాలెన్’ అంటూ ప్రాంతం పేరు తగిలించేవారు.

దగ్గర్లోనే, డచ్చివాళ్లు సుమత్రా నుంచి బహిష్కరించిన షేక్ అబ్దుర్రహ్మాన్ మతేబే షా దర్గా ఉంది.

1834లో బానిసత్వం రద్దయినా, ‘పని నేర్పడం’ పేరుతో ఇంకో నాలుగేళ్లు పాత యజమానుల దగ్గరే ఉంచారు. నష్టపరిహారం కూడా యజమానులకే ఇచ్చారు.