మందకు పిన్‌కోడ్ ఉండదు

వికారాబాద్ నుంచి తాండూరు వైపు వెళ్తుంటే కంది చేలు, నాపరాయి గనుల మధ్య గొర్రెల మందలు ఎదురవుతుంటాయి. తాండూరు దాటి కాస్త ముందుకెళ్తే కర్ణాటక. మందకు ఆ సరిహద్దుతో పనిలేదు, మేత ఎటుంటే అటే. ఫైనలియర్ ప్రాజెక్టుకో, అగ్రిటెక్ ఉద్యోగానికో 'జీవాల రోగాల్ని పసిగట్టే యాప్' చేద్దామనుకుంటున్నారా? ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం మనదే, దాదాపు 1.9 కోట్లు. 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అంత చిన్న మందలోకి పీపీఆర్, అదే పారుడు రోగం, దూరితే ఆ ఇంటి లెక్క తలకిందులే. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, తర్వాత పారుడు. వైరస్ సోకాక ఇవి కనిపించడానికి మామూలుగా 4 నుంచి 6 రోజులు పడుతుంది. కానీ అంతకు ఒకట్రెండు రోజుల ముందు నుంచే ఆ జీవం రోగాన్ని అంటిస్తుంటుంది. రెండు చనిపోగానే కాపరికి గుబులు పుడుతుంది. మిగతావి బాగున్నప్పుడే అంగడికి తోలేస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం. కొన్నవాళ్ల మందలోకి మాత్రం రోగం కూడా నడిచి వెళ్తుంది.

సెన్సర్ కాలర్ పెడదామంటారా? నా మొదటి ఐడియా కూడా అదే! ఖర్చు, చార్జింగ్ లెక్కేశాక వదిలేశా. అంచనాల పని ఇప్పటికే జరుగుతోంది. బెంగళూరులోని ఐసీఏఆర్ సంస్థ నివేది పాత కేసులు, వాతావరణం కలిపి జిల్లాలవారీగా ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది. కొరత ఎక్కడంటే, మొదటి కబురు దగ్గర. మ్యాప్‌లో సున్నా కనిపిస్తే రోగం లేదనా, ఎవరూ చెప్పలేదనా?

అందుకే మీ ఫారంలో 'గ్రామం' ఒక్కటే ఉంటే చాలదు. గత మూడు వారాల్లో ఎక్కడెక్కడ మేపారు? కొత్తవి ఏ అంగడిలో కొన్నారు? టీకా ఎప్పుడు వేయించారు? మందలో మొత్తం ఎన్ని? ఈ చివరి ప్రశ్నే చాలామంది మర్చిపోతారు. ఇరవైలో ఐదు చనిపోవడం, రెండొందల్లో ఐదు చనిపోవడం ఒకటేనా?

ఇంకో మాట. 'చెప్తే నాకేంటి?' అని కాపరి అడుగుతాడు. అమ్మకం ఆగిపోవడమే ఫలితమైతే ఎవరూ నోరు విప్పరు. 1962కు ఫోన్ కలిపి, డాక్టర్ వచ్చేదాకా ఏం చేయాలో తెలుగులో వినిపించే బటన్ పెట్టండి. జబ్బేంటో తేల్చాల్సింది డాక్టర్, ల్యాబే. అది మీ యాప్ పని కాదు. కబురు త్వరగా అందితే చుట్టుపక్కల మందలకు టీకా వేయొచ్చు, ఒక్క డోసు కనీసం మూడేళ్లు కాపాడుతుంది. పీపీఆర్‌ను 2030కల్లా ప్రపంచంలోనే లేకుండా చేయాలన్నది లక్ష్యం. పశువుల రిండర్‌పెస్ట్ అలాగే పోయిందని 2011లో ప్రకటించారు.

ఇంటర్వ్యూలో మోడల్ యాక్యురసీ ఎంతో చెప్పడానికి తొందరపడకండి. మొదటి గొర్రె చనిపోయిన రోజుకూ, డాక్టర్‌కు తెలిసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు తగ్గించారో చెప్పండి. ఆ లెక్క ల్యాప్‌టాప్‌లో దొరకదు, అంగడికి వెళ్లాల్సిందే. తెల్లవారకముందే వెళ్లండి. ఎండెక్కేసరికి బేరాలైపోయి మందలు కదిలిపోతాయి.