రాగం, శృంగారం, సంఘం ఆక్షేపణ

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• శృంగార కళకూ సంగీతానికీ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• సంఘం ఆక్షేపణ ఏ రూపాల్లో వస్తుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• న్యాయమైన అభ్యంతరానికీ, అన్యాయమైన కత్తిరింపుకూ తేడా గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

సంగీతం విన్నప్పుడు ముందుగా స్పందించేది శరీరం. కాలు తాళం వేస్తుంది, తల ఊగుతుంది. ఆ స్పందన నుంచి బొమ్మ, పద్యం, నాట్యం, శిల్పం పుట్టవచ్చు. అది స్త్రీపురుషుల ఆకర్షణను చిత్రించినప్పుడు దానిని శృంగార కళ అంటాం. మన అలంకార శాస్త్రం శృంగారాన్ని రసాలలో మొదటిదిగా లెక్కించింది. రతి దానికి స్థాయీభావం. సంభోగం, విప్రలంభం అని అది రెండు విధాలు.

శాస్త్రం ఇంత గౌరవమిచ్చినా, శృంగారాన్ని సృష్టించినవారిని సంఘం తరచు నిందించింది. కొన్నిచోట్ల ప్రభుత్వమే శిక్షించింది. ఎందుకు? మీలో కొందరు బొమ్మలు వేస్తూ ఉంటారు, కొందరు పాటలు కడుతూ ఉంటారు. రాక్ సంగీతం విని దాని ఊపును కాగితం మీదికి తేవాలనుకునేవారూ ఉంటారు. ఇంట్లోవారికి చూపించాలంటే సంకోచం. కాబట్టి ఈ ప్రశ్న పరీక్ష కోసం మాత్రమే కాదు.

6.2 లేపాక్షి: విడదీయని కళ

ముందు మన ప్రాంతాన్నే చూద్దాం. అనంతపురం పీఠభూమి దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాలలో ఒకటి. చెరువు నిండని ఏళ్లే ఎక్కువ. అయినా విజయనగర కాలంలో ఈ కరువు నేల మీది గ్రానైటు రాయిలోనే శిల్పులు నాట్యాన్ని చెక్కారు. హిందూపురానికి దగ్గరలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దం నాటిది. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

అక్కడి నాట్యమండపం స్తంభాలను ఒకసారి నిదానంగా గమనించండి. రంభ నాట్యం చేస్తూ ఉంటుంది. బ్రహ్మ మద్దెల వాయిస్తాడు. తుంబురుడు వీణ పట్టుకుంటాడు. మూడు కాళ్ల భృంగి నాట్యాచార్యుడు. నడుము వంపు, చేతుల విసురు ఏ మాత్రం దాచకుండా చెక్కారు. కాని నర్తకి ఒంటరిగా లేదు. ఆమెను ఆడిస్తున్న లయ చుట్టూ ఉన్న స్తంభాలలోనే ఉంది. దేహాన్ని, సంగీతాన్ని, చూసేవారిని శిల్పి ఒకే మండపంలో ఉంచాడు.

ఈ పాఠానికి ఇదే కీలకం. శృంగార కళ పూర్ణంగా ఉన్నప్పుడు కళగా కనిపిస్తుంది. అందులో ఒక ముక్కను విడదీసి చూపితే అదే అశ్లీలంగా కనిపిస్తుంది. సంఘం ఆక్షేపణ చాలాసార్లు ఈ విడదీయడంతోనే మొదలవుతుంది.

6.3 రాధికాసాంత్వనం: కత్తిరించిన కావ్యం

తెలుగులో ఇందుకు పెద్ద ఉదాహరణ ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనం’. తంజావూరును పాలించిన మరాఠా రాజు ప్రతాపసింహుని (పాలన 1739–1763) ఆస్థానంలో ఆమె ఉండేది. సంగీత, నాట్య, సాహిత్యాలు మూడింటినీ సాధన చేసిన దేవదాసీ కుటుంబం ఆమెది. కథ చిన్నదే. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది. తరువాత విరహంతో, అసూయతో అలుగుతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదారుస్తాడు. ఇక్కడ కోరిక రాధది. అది నెరవేరాలని అడిగేదీ ఆమే. పురుష కవుల శృంగార ప్రబంధాలలో ఇంత స్పష్టంగా కనిపించని విషయం ఇది.

1887లో ఈ కావ్యం అచ్చయినప్పుడు కొన్ని పద్యాలు తీసేశారు. ముద్దుపళని తన పరంపరను చెప్పుకొన్న పీఠిక కూడా పోయింది. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకొంటూనే, స్త్రీలు వినదగని శృంగారం రాసిందని తీవ్రంగా నిందించారు.

ఈ లోటును గుర్తించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952). మైసూరు సంస్థానంలో పుట్టి, మద్రాసులో స్థిరపడిన విదుషి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి వద్ద తన సంపాదనతో ఆలయం కట్టించిన వ్యక్తి కూడా ఆమే. ఆమె ‘రాధికాసాంత్వనం’ రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో సరిపోల్చింది. తీసేసిన పద్యాలను, పీఠికను చేర్చి 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి కావ్యాన్ని ప్రచురించింది. తన ముందుమాటలో వీరేశలింగంగారిని సూటిగా అడిగింది: సిగ్గు అనేది స్త్రీలకేనా, పురుషులకు లేదా? ఆయన చూసి ఆమోదించిన ‘వైజయంతీవిలాసం’లోని శృంగారం మాటేమిటి?

సమాధానం తర్కంతో రాలేదు, పోలీసులతో వచ్చింది. 1911లో ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొని పుస్తకాన్ని నిషేధించింది. పండితులు విన్నపాలు పెట్టినా ఫలితం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో, 1947లో, నిషేధం తొలగింది. అంటే తెలుగు పాఠకుడికి ఆ పుస్తకం 36 ఏళ్లు చట్టప్రకారం అందలేదు.

6.4 చట్టం, టెలివిజన్: అదే పద్ధతి

ఆ కాలంలో అశ్లీలతను కొలిచే గజంబద్ద ఇంగ్లండు నుంచి వచ్చింది. 1868 నాటి హిక్లిన్ తీర్పు ప్రకారం, చెడిపోయే అవకాశం ఉన్నవారి మనసుపై రచన ప్రభావాన్ని చూడాలి. ఆచరణలో కోర్టులు పుస్తకం మొత్తాన్ని పక్కనబెట్టి, విడి భాగాలను చూసి తీర్పు చెప్పేవి. మన సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో ఈ కొలతను వదిలి, సందర్భాన్ని, సమకాలీన సమాజ ప్రమాణాలను చూడాలని చెప్పింది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో నల్లజాతివారి బ్లూస్ వంటి సంగీతాల నుంచి రాక్ అండ్ రోల్ పుట్టింది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ టెలివిజన్‌లో పాడుతూ నడుము తిప్పినందుకు పత్రికలు, మతపెద్దలు మండిపడ్డారు. 1957 జనవరి 6న ఎడ్ సల్లివన్ కార్యక్రమంలో కెమెరా ఆయనను నడుము పైభాగం వరకే చూపింది. పాట వినిపించింది, లయకు ఊగే దేహం మాత్రం కనిపించలేదు. 1887లో మన కావ్యం నుంచి పద్యాలు తీసినవారు చేసిన పనికీ దీనికీ తేడా లేదు. కత్తెర ఒకటే, గుడ్డ వేరు.

6.5 తిరిగి అతికించినవారు

విడిపోయినదాన్ని తిరిగి కలపడం కూడా కళాకారుని పనే. ఇందులో మన జిల్లావారే మార్గదర్శి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) కంబదూరు మండలంలోని రాళ్లపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు. ప్రాకృతంలోని ‘గాథాసప్తశతి’ నుంచి పల్లె స్త్రీపురుషుల ప్రణయ గాథలను ఎంచి తెలుగు చేశారు. తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనల పరిష్కరణకు పూనుకొన్నారు. దొరికిన కీర్తనలలో శృంగార కీర్తనలే ఎక్కువ.

రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. మాట మిగిలింది, పాట పోయింది. శర్మగారు నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేశారు. అలమేలుమంగ విరహాన్ని కాగితం మీద చదివి ఇబ్బందిపడేవారు, అదే కీర్తన రాగంలో వింటే తలదించుకోరు. పదాభినయంలోనూ ఇంతే. ఒకే పల్లవిని పదిసార్లు పాడుతూ, పది రకాలుగా అభినయిస్తే అలక, ఎదురుచూపు, కోపం, క్షమ వరుసగా బయటపడతాయి. క్షేత్రయ్య పదాలను అచ్చులో మాత్రమే చదివినవారికి ఈ మెట్లు కనిపించవు.

6.6 న్యాయమైన అభ్యంతరం

అయితే ఆక్షేపించినవారందరూ అజ్ఞానులని మీరు అనుకోకూడదు. దేవదాసీ వ్యవస్థలో ఊహ తెలియని ఆడపిల్లలను ఆలయానికి అంకితం చేసేవారు. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి దీనిపై పోరాడారు. 1947లో మద్రాసు రాష్ట్రం, 1988లో ఆంధ్రప్రదేశ్ అంకితాన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. మన సీమలో బసివిని పేరుతో, తెలంగాణలో జోగిని పేరుతో సాగిన దురాచారం ఇదే కోవలోది. అక్కడ అంకితమైన పిల్ల ఇష్టాన్ని ఎవరూ అడగలేదు.

కాబట్టి రెండు ప్రశ్నలను వేరుగా ఉంచండి. ఒక మనిషిని బలవంతపెట్టారా? ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న, రాజీ లేదు. కోరికను కళగా చెప్పారా? ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్న, వాదానికి చోటుంది. సంస్కరణ మొదటిదాన్ని ఆపవలసింది. దానితోపాటు ఆ స్త్రీల పద్యాన్ని, పాటను కూడా నిందించింది. నష్టం అక్కడ జరిగింది.

6.7 మీరు చేయవలసినది

శృంగార చిత్రమో, పాటో చేయదలచినప్పుడు ఈ మూడింటిని పరీక్షించుకోండి.
1. ఇందులో కోరిక ఎవరిది? చూపబడే వ్యక్తికి మనసు ఉందా, లేక వస్తువుగా మిగిలిందా?
2. మిమ్మల్ని కదిలించిన సంగీతం పనిలో మిగిలిందా? లయ తీసేస్తే దేహం మాత్రమే మిగిలితే, పని ఇంకా పూర్తికాలేదు.
3. ఎవరైనా ఒక ముక్క తీసేయమంటే, ఆ ముక్క ఎందుకు ఉండాలో చెప్పగలరా? నాగరత్నమ్మ చెప్పగలిగింది. చెప్పలేకపోతే మీరే తీసేయండి.

ఆక్షేపణ తప్పదు. ఊరివారు అడిగితే సగం చూపి దాచకండి, మొత్తం చూపించి మాట్లాడండి.

6.8 సారాంశం

శృంగార కళ సంగీతంతో, సందర్భంతో, పాత్ర మనసుతో కలిసి నిలుస్తుంది. వాటిని విడదీసినప్పుడు అది అశ్లీలంగా కనిపిస్తుంది. లేపాక్షి శిల్పులు విడదీయలేదు. నాగరత్నమ్మ, రాళ్లపల్లివారు విడిపోయినదాన్ని కలిపారు. మనిషిపై బలవంతాన్ని ఎదిరించడం, కళను కత్తిరించడం ఒకటి కావు.

6.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1887, 1910 ముద్రణల మధ్య ‘రాధికాసాంత్వనం’లో ఏ మార్పు వచ్చింది?
2. హిక్లిన్ కొలతలోని లోపమేమిటి?
3. మీ ఊరి గుడిలోని ఒక శిల్పాన్నో, మీరు విన్న ఒక పాటనో తీసుకొని, పై మూడు పరీక్షలతో ఒక పుటకు మించకుండా వివరించండి.