తెర మీద తేలిన దుంగ

భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలోని చల్లగరిగె సినీ గీత రచయిత చంద్రబోస్ సొంతూరు. 2021 డిసెంబరు 17న విడుదలైన ‘పుష్ప: ది రైజ్’లో పాటలన్నీ ఆయన రాసినవే. అందులోని శేషాచలం కూలీ పుష్పరాజ్ చిత్తూరు యాసలో ఎంత గర్జించినా, పాట ఎత్తుకున్నప్పుడల్లా ఆ నోట పలికింది ఓరుగల్లు గడ్డ మీద పుట్టిన కవి మాటే. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ‘కొండపొలం’లోనూ అడవి ఉంది, ఎర్రచందనం దొంగలున్నారు, చంద్రబోస్ పాట ఉంది. 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో అల్లు అర్జున్ ‘పుష్ప’కు ఉత్తమ నటుడయ్యాడు. చంద్రబోస్‌కు ఉత్తమ గీత రచయిత పురస్కారం తెచ్చింది మాత్రం ‘కొండపొలం’ పాట.

కాబట్టి ‘పుష్ప’ రాయలసీమది, మనకేంటి అనడానికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లకు వీల్లేదు. అనట్లేదు కూడా. ఎర్రచందనం గురించి ఇప్పుడు టీ కొట్టు దగ్గర అందరికీ ఏదో ఒకటి తెలుసు. ఆ తెలిసినదాంట్లో కొంత తెర మీది నుంచి వచ్చింది, మిగతాది వాట్సాప్‌లో వచ్చింది. రెండింటినీ కాస్త చెక్కి చూడాలి.

అపోహ: మన అడవుల్లోనూ ఎర్రచందనం ఉంది

లేదు. ప్రపంచం మొత్తంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసన మాత్రమే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణ అంచులు దాని ఇల్లు. పాత లెక్కలో చెప్పాలంటే కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు, ప్రకాశం, కర్నూలులో కొంత భాగం. రాళ్లూ రప్పలూ నిండిన, వాన తక్కువ పడే ఆ గుట్టలే దానికి నచ్చిన చోటు.

మహదేవపూర్, పలిమెల వైపు పోతే కనిపించేది టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం అడవులదీ ఇదే తీరు. జనగామ సంగతి సరేసరి, అక్కడ అడవి అని చెప్పుకోదగ్గదే చాలా తక్కువ. ఎక్కడైనా చేను గట్టున, కాలేజీ ఆవరణలో ఎర్రచందనం కనిపిస్తే అది ఎవరో నాటిన మొక్కే.

మరి ‘మా తాత కొట్టిన చెట్టుకు నెత్తురు కారింది’ అనే మాట ఎక్కడిది? ఆ తాత అబద్ధం చెప్పలేదు. ఈ అడవుల్లో వేగిస అనే చెట్టుంది. కొందరు పెద్దేగి అంటారు. బెరడు మీద గొడ్డలి వేటు పడితే ఎర్రటి బంక కారుతుంది. వృక్షశాస్త్రం లెక్కలో ఎర్రచందనానికి అది స్వయానా దాయాది, రెండూ ఒకే ప్రజాతి. సంతల్లో ‘ఈ గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగితే షుగర్ తగ్గుతుంది’ అంటూ ఎర్రచందనం పేరుతో అమ్మే చెక్క గ్లాసులు కూడా సాధారణంగా ఈ వేగిసవే. ఐసీఎంఆర్ 1990లలో వేగిస మీద పరీక్షలు చేసిన మాట నిజం. కానీ వాళ్లు పరీక్షించింది తూకం ప్రకారం ఇచ్చిన మందును, గ్లాసులో నానిన నీళ్లను కాదు. డాక్టరు రాసిన మాత్ర మానేసి గ్లాసును నమ్ముకున్నవాళ్లు ప్రమాదంలో పడ్డట్టే.

అపోహ: చందనం కాబట్టి ఘుమఘుమలాడుతుంది

ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. సబ్బులకూ అత్తర్లకూ వాడేది శ్రీగంధం. అది వేరే కుటుంబం, వేరే చెట్టు, పక్క చెట్ల వేర్ల నుంచి పోషకాలు పీల్చుకునే బాపతు. ఎర్రచందనం చిక్కుడు, కంది, చింత ఉన్న కుటుంబానిది. వీరప్పన్ కథను ‘పుష్ప’తో కలిపేవాళ్లు కూడా ఇక్కడే తప్పటడుగు వేస్తారు. 2004 అక్టోబరులో పోలీసుల చేతిలో చనిపోయిన వీరప్పన్ దోచింది తమిళనాడు, కర్ణాటక అడవుల్లోని శ్రీగంధాన్ని, ఏనుగు దంతాలను.

అపోహ: దుంగలను ఏట్లో వదిలితే తేలుతూ పోతాయి

పోలీసులు వచ్చేలోపు పుష్పరాజ్ లోడంతా నీళ్లలోకి దొర్లించే ఘట్టానికి థియేటర్లలో ఈలలు పడ్డాయి. దుంగలు హాయిగా నీటి మీద సాగిపోతాయి. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఒకప్పుడు ఎగువ అడవుల్లో కొట్టిన టేకు, వెదురు తెప్పలు కట్టుకుని నది మీదనే రాజమండ్రి దాకా వెళ్లేవి. టేకు తేలుతుంది, వెదురు ఇంకా బాగా తేలుతుంది.

ఎర్రచందనం చేవ మాత్రం నీటికంటే బరువు. ఈ చెట్టులో ఎర్రగా ఉండేది నడిమధ్యన ఉండే చేవ ఒక్కటే. దాని చుట్టూ తెల్లచెక్క, పైన బెరడు. ఈ రెండింటికీ ధర లేదు కాబట్టి నరికినవాళ్లు అడవిలోనే వాటిని చెక్కిపారేసి, ఎర్రటి దుంగను మాత్రమే భుజానికెత్తుకుంటారు. అలా చెక్కిన మేలురకం దుంగను ఏట్లో వేస్తే అడుక్కి పోతుంది. కథకు తేలడం కావాలి, తేలింది. దర్శకుడు సుకుమార్ తీసింది వృక్షశాస్త్రం పాఠం కాదు కదా.

అన్నట్టు, తెర మీద పచ్చగా కమ్ముకున్న ఆ అడవి కూడా శేషాచలం కాదు. చిత్రీకరణ చాలా మటుకు గోదావరి జిల్లాల మన్యంలో, మారేడుమిల్లి పరిసరాల్లో జరిగింది. అసలు ఎర్రచందనం పెరిగే కొండలు ఎండాకాలంలో ఆకు రాలి బోసిగా, ఎర్రమట్టి రాళ్లతో ఉంటాయి. అంత నీడ దొరకదు.

అపోహ: జపాన్‌లో అణు రియాక్టర్లకు వాడతారు, అందుకే అంత ధర

ఈ పుకారుకు ‘పుష్ప’ కంటే ఎక్కువ వయసుంది. రేడియేషన్‌ను ఆపడానికి రియాక్టర్లలో వాడేది కాంక్రీటు, సీసం, ఉక్కు, నీరు. చెక్కతో ఆ పని జరిగినట్టు ఎక్కడా ఆధారం లేదు. మగతనం మందు అన్న ప్రచారం కూడా ఇలాంటిదే.

జపాన్ ముచ్చట పూర్తిగా కల్పన కాదు. అక్కడి షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మేలురకం పిడి ఎర్రచందనంతోనే చేస్తారు. కానీ వాద్యాలకు ఏడాదికి ఎంత చెక్క కావాలి? అసలు గిరాకీ చైనాది. మింగ్, చింగ్ రాజుల కాలం నుంచి అక్కడ ‘జితాన్’ అనే ముదురు ఎరుపు చెక్కతో చేసిన ఫర్నిచర్ హోదాకు గుర్తు. డబ్బున్న ఇంట్లో ఆ కుర్చీ ఉంటే ఆస్తి ఉన్నట్టే. అలలు తేలినట్టుండే చారలున్న దుంగకు ఒక ధర, సాదా దుంగకు ఒక ధర. ఏ, బీ, సీ గ్రేడులు పుట్టింది అందుకే. చెక్క నుంచి తీసే శాంటాలిన్ అనే ఎర్ర రంగుకూ వ్యాపారం ఉంది. మన దగ్గర దీని పాత వాడుక ఇంకా ముచ్చటైనది. బొమ్మల కొలువులో పెట్టే రాజా రాణి చెక్కబొమ్మలు ఒకప్పుడు ఈ చెక్కతోనే చెక్కేవారు.

అపోహ: గొడ్డలి పట్టినోడే సిండికేటు నడుపుతాడు

సినిమా ప్రాణమంతా ఇక్కడుంది. కూలీగా అడవిలో అడుగుపెట్టినవాడు తెలివితో వాటా అడుగుతాడు, భాగస్వామి అవుతాడు, చివరికి అందరినీ కాలి కింద పెట్టుకుంటాడు. 2024 డిసెంబరు 5న వచ్చిన రెండో భాగంలో ఆ ఎదుగుదల దేశం దాటిపోతుంది.

నిజంగా గొడ్డలి పట్టేది ఎవరు? ఎక్కువమంది తమిళనాడు వాళ్లు. తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం, వేలూరు వైపు ఉన్న జవ్వాది, కల్వరాయన్ కొండల గిరిజనులు, పేదలు. వాన మీద ఆధారపడిన సేద్యం, చేతిలో అప్పు, ఊరికొచ్చి అడ్వాన్సు ఇచ్చే మేస్త్రీ. చెట్టు కొట్టడం, చెక్కడం, రాత్రిపూట దుంగ మోసుకుంటూ కొండ దిగడం వాళ్ల పని. రోడ్డు దగ్గర దుంగ చేతులు మారాక వాళ్లకు దాంతో సంబంధం తెగిపోతుంది. ముందు దారి చూపే పైలట్ వాహనం ఒకడిది, లోడు తోలేది ఇంకొకడు, గోదాము వేరొకరిది, కాగితాల మీద సరుకు పేరు మార్చి కంటెయినర్‌లో ఓడరేవు దాటించేది మరొకరు. దుంగ ఎంత దూరం పోతే ధర అంత పెరుగుతుంది. కూలీ మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఉండిపోతాడు. మేస్త్రీ పేరు తప్ప పైనున్న వాళ్ల పేర్లు అతనికి తెలియవు. తెలియనివ్వరు.

2015 సంవత్సరం ఒక్కటి చూస్తే చాలు. ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలం శేషాచలం అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అంతా తమిళనాడు కూలీలు. రాళ్లతో, గొడ్డళ్లతో మీద పడితే కాల్చామని పోలీసులు చెప్పారు. ముందే పట్టుకొచ్చి కాల్చారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయల మధ్యంతర సాయం ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ సిఫారసు చేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, కడప జిల్లాకు చెందిన ప్రధాన నిందితుడొకరు మారిషస్‌లో దొరికాడు. నవంబరులో అతన్ని ఇక్కడికి తీసుకొచ్చారు. అడవిలో దొరికినవాళ్లకు తూటా, సముద్రం దాటినవాడికి విమానం.

ఆ తర్వాతా చావులు ఆగలేదు. 2018 ఫిబ్రవరిలో ఒంటిమిట్ట చెరువులో 5 శవాలు తేలాయి, వాళ్లూ తమిళ కూలీలే. అటువైపూ ప్రాణాలు పోయాయి. 2013 డిసెంబరులో తిరుమల కొండల్లో ఇద్దరు అటవీ అధికారులను కూలీలు కొట్టి చంపారు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ను స్మగ్లర్ల వాహనం తొక్కించుకుపోయింది. ఈ ఘటనల్లో పోయినవాళ్లలో అటు ఎగుమతిదారుడు లేడు, ఇటు పెద్ద హోదా ఉన్నవాడు లేడు.

మన మూడు జిల్లాల్లో చెట్టు మారుతుంది, సరుకు మారుతుంది, మెట్లు మాత్రం అవే. గోదావరి అవతల సిరొంచ వైపు నుంచి దాటే టేకు సైజులైనా, మహబూబాబాద్ మీదుగా పోయే నల్లబెల్లం, గంజాయి అయినా, కేసుల్లో ఎక్కువగా కనిపించేది ఆటో డ్రైవరు, మోసేవాడు, కిరాయికి బండి తోలినవాడు.

అపోహ: దొరికితే ఫైన్ కట్టి బయటపడొచ్చు

రెండు తెలుగు రాష్ట్రాల అటవీ చట్టానికి మూలం ఒక్కటే, 1967 నాటి చట్టం. అందులో చాలామందికి తెలియని సంగతి వాహనం గురించి. దొంగ కలపతో పట్టుబడ్డ బండిని అటవీ అధికారి స్వాధీనం చేసుకుని జప్తు చేయవచ్చు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగానే ఇది వేరే దారిలో సాగిపోతుంది. తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్తలు తీసుకున్నానని బండి యజమానే నిరూపించుకోవాలి. ఫైనాన్సులో కొన్న ట్రాలీ ఆటో జప్తయితే కిస్తీలు ఆగవు. కిరాయి కాస్త ఎక్కువిస్తామంటే రాత్రిపూట ‘ఏం లోడు’ అని అడగకుండా బయల్దేరే డ్రైవర్లు ఈ సెక్షన్ గురించి తెలుసుకోవాలి.

ఎర్రచందనం విషయంలో ఆంధ్రప్రదేశ్ 2016లో చట్టాన్ని ఇంకా బిగించింది. ఇప్పుడది బెయిలుకు అంత తేలిగ్గా లొంగని నేరం. కేసుల విచారణకు తిరుపతిలో ప్రత్యేక కోర్టు కూడా ఉంది.

అపోహ: రెండెకరాల్లో నాటితే పదేళ్లలో కోట్లు

‘పుష్ప’ తర్వాత గట్టిగా నాటుకున్న భ్రమ ఇదే. హైదరాబాద్ చుట్టూ, వరంగల్ హైవే వెంట ఫామ్‌ల్యాండ్ ప్లాట్లు అమ్మేవాళ్లు శ్రీగంధం, ఎర్రచందనం మొక్కలను చూపించి ధర చెబుతుంటారు. ముందు ఒక సందేహం తీర్చాలి. సొంత భూమిలో ఎర్రచందనం పెంచడం నేరం కాదు. నేరం అనుకుని నాటిన మొక్కలను పీకేసినవాళ్లూ తప్పు చేసినట్టే.

చిక్కంతా తర్వాత ఉంది. చేవ కట్టడానికి పాతికేళ్లకు పైగా పడుతుంది. పదేళ్ల చెట్టును కొడితే దొరికేది దాదాపు తెల్లచెక్కే. నీళ్లు పెట్టి, ఎరువేసి పెంచితే చెట్టు లావెక్కుతుంది, చేవ అదే లెక్కలో పెరుగుతుందని హామీ లేదు. చైనా వాళ్లు మోజుపడే అలల చారలు ఏ మొక్కకు వస్తాయో నర్సరీవాడు చెప్పలేడు. నాటినప్పుడే పహాణీలో చెట్ల వివరాలు రాయించుకోకపోతే, కొట్టే రోజున అవి మనవని రుజువు చేయడం కష్టం. కొట్టడానికి అనుమతి కావాలి, తరలించడానికి అటవీ శాఖ పర్మిట్ కావాలి. 1995 నుంచి ఈ చెట్టు, అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అడవి చెట్టు ఎగుమతి నిషేధం. పొలంలో పెంచినదానికి 2019లో కేంద్రం కొంత దారి తెరిచినా, దానికీ కోటా ఉంది, లైసెన్సు ఉంది, మూలం ఎక్కడిదో చూపే కాగితాలున్నాయి. ఇవన్నీ దాటేలోపు చెట్టును రాత్రికి రాత్రి ఎవరూ కొట్టుకుపోకుండా కాపలా కాయాలి.

జనగామ లాంటి నీటికి కటకటలాడే నేలలో గట్ల మీద నాలుగు మొక్కలు పెట్టుకోవడానికి అభ్యంతరం ఉండక్కర్లేదు. కంది, పత్తి వేసే రెండెకరాలను మొత్తంగా దీనికి రాసిచ్చేముందు ప్లాట్ల ఏజెంటును ఒకటే అడగాలి: మీరు నాటించిన తోటల్లో ఇప్పటిదాకా కొట్టి, పర్మిట్ తీసుకుని, అమ్మి, రైతు ఖాతాలో డబ్బు పడ్డ చెట్టు ఒక్కటి చూపిస్తారా?